ఇసుకలో తోమిన ఇనుప చొక్కా

నా చిన్నప్పుడు మా వీధిలో ఒక ఇనుప చొక్కా ఉండేది. డెబ్బైల నాటి మాట. కార్వేటినగరంలో మా ఇంటికి ఎదురుగా ఒక అవ్వ ఉండేది. ఆవిడ భర్త, మామగారు, వాళ్ళ పెద్దలు సంస్థానంలో ఆయుధాల కొట్టు చూసుకున్నవాళ్ళు. సంస్థానం పోయాక కత్తులూ ఈటెలూ డాళ్ళూ ఎవరెవరి పాలో అయ్యాయి. యుద్ధానికి తొడుక్కునే ఈ ఒక్క చొక్కా మాత్రం, బరువని ఎవరూ పట్టుకుపోలేదో ఏమో, అవ్వ ఇంట్లో కొయ్యకు వేలాడుతూ మిగిలిపోయింది.

అది గుడ్డతో కుట్టింది కాదు, ఇనుముతో అల్లింది. నా చిటికెన వేలికి కూడా పట్టని ఉంగరాలు వేలకు వేలు. ఒక్కో ఉంగరం తన చుట్టూ ఉన్న నాలుగింటిని పట్టుకుని ఉండేది. మధ్యాహ్నం పూట కిటికీలోంచి ఎండ పడితే దాని నీడ గోడ మీద చేపల వలలా కదిలేది. నేను ఆ నీడ కింద చాప మీద పడుకుని, దాన్ని తొడుక్కున్న మనిషిని ఊహించుకునేదాన్ని. ఒకరోజు అతనికి మా నాయన మీసాలు పెట్టేదాన్ని. ఇంకో రోజు ముఖం లేకుండానే గుర్రమెక్కించి, మామిడి తోపుల మీదుగా నీలం కొండల దాకా పంపేదాన్ని. అంతలో నిద్ర వచ్చేది.

నాకు పదేళ్ళున్న ఏడు బడిలో నాటకం వేస్తున్నారు. సేనాపతి వేషం నాదేననుకున్నాను. ఇనుప చొక్కా సంగతి నాకంటే ఎవరికి తెలుసు? కానీ గొంతు గట్టిగా ఉందని అయ్యవారు ఆ వేషం మా పక్కింటి పిల్లకు ఇచ్చారు. మేమిద్దరం ఒకే పలక మీద అక్షరాలు దిద్దినవాళ్ళం. వాళ్ళ నాయన అట్టతో కత్తి చేసి, సిగరెట్టు పెట్టెల్లోని వెండి కాగితాలు ఏరి తెచ్చి దానికి అంటించాడు. ఆ కత్తి నిజంగానే మెరిసేది. ఒకరోజు అన్నం గంటప్పుడు తరగతిలో ఎవరూ లేరు. ఆ కత్తిని మోకాలికి ఆనించి విరిచేశాను.

"నువ్వేమన్నా సూసినావా?" అని ఆ పిల్ల నన్ను అడిగింది. లేదన్నాను, దాని కళ్ళలోకి చూస్తూనే. అది మళ్ళీ అడగలేదు, నాతో మాట్లాడనూ లేదు. నామీదే అనుమానమా అని నేనూ మాట మానేశాను. తప్పు చేసినవాళ్ళ కోపం కూడా ఎంత నిజమైన కోపంలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

వానలు వెలిసిన ఒక ఆదివారం ఉదయం అవ్వ నన్ను కేకేసింది. వెళ్ళేసరికి ఆ పిల్ల అప్పటికే లోపల కూర్చుని ఉంది. ఒకరు వస్తారని ఇంకొకరికి అవ్వ చెప్పలేదు. వెనక్కి తిరగబోయాను.

"యాడికి పోతావు? కూసో. సొక్కా తుప్పు పట్టిండాది. ఇది ఒగరితో అయ్యే పని కాదు మే. మీ తాత ఉన్నన్నాళ్ళూ ఆ కొస ఆయన పట్టుకుంటా ఉన్న్యాడు, ఈ కొస నేను. ఆయన పొయినాక దీన్ని ముట్టుకునే దిక్కు లేదు."

అవ్వ భర్తను మేం తాత అనేవాళ్ళం, ఆయన పోయి రెండేళ్ళయింది. ఆ మాట విన్నాక ఇంక కదల్లేకపోయాను. అవ్వ ఆ చొక్కాను గోనె సంచిలో వేసి, ఎండబెట్టిన ఏటి ఇసుక పోసి, మూతి బిగించి కట్టింది. సంచిని నేల మీద పడుకోబెట్టి చెరో కొస మా చేతుల్లో పెట్టింది. ఇటూ అటూ జరుపుతుంటే లోపల ఇసుక ఇనుమును తోముతుందట.

నేను కసిగా లాగాను. ఆ పిల్ల మోకాళ్ళ మీద పడింది. మరుక్షణం అది లాగింది, నా అరచేయి గీసుకుపోయింది. గడప దగ్గర చేరగిలబడి ఆకు వక్క నములుతున్న అవ్వ మమ్మల్ని తిట్టలేదు. "లాగొద్దండి. ఆ కొసకు పంపండి. దాని పాటికి అదే తిరిగొస్తాది," అని కళ్ళు మూసుకుంది.

పంపాను. వచ్చింది. మళ్ళీ పంపాను. కాసేపటికి మా చేతులు మా మాట వినడం మానేసి వాటంతట అవే కదలసాగాయి. సంచిలోంచి వచ్చే చప్పుడు మొదట గరగరలాడింది, తర్వాత మెత్తబడి, రాళ్ళ మీద ఏటి నీళ్ళు పారుతున్నట్టు అయింది. గదిలో దుమ్ము ఎండలో బంగారంలా తేలుతోంది. ఈ నేల మీదే, ఇలాగే ఎదురెదురుగా కూర్చుని, ఎందరెందరో ఈ సంచిని ఒకరికొకరు పంపుకుని ఉంటారనిపించింది. నేనెవరో, ఏ కాలంలో ఉన్నానో కాసేపు తెలియలేదు.

ఆ మత్తులోనే నా నోటివెంట మాట వచ్చేసింది. "కత్తి నేనే ఇరిసినా."

సంచి దాని దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత తిరిగి నా వైపు వచ్చింది.

"తెలుసు. ఆ పొద్దే నీ పావడకు ఎండి కాగితం అంటుకోని ఉన్న్యది," అంది నెమ్మదిగా.

"మరి అయ్యవారికి ఎందుకు సెప్పలా?"

"నువ్వే సెప్తావని సూస్తా ఉంటి."

నేను ఏడ్చాను. చేతులు ఖాళీ లేక కళ్ళు తుడుచుకోలేదు. అది కూడా ముక్కు ఎగబీల్చడం వినిపించింది. అవ్వ కళ్ళు తెరవలేదు. నిద్రపోయిందో, నిద్ర నటించిందో ఈనాటికీ నాకు తెలియదు.

సంచి విప్పేసరికి ఇసుక ఎర్రబడి ఉంది. చొక్కా వానమబ్బు రంగుకు తిరిగింది. అవ్వ దానికి ఆముదం రాస్తూ రాస్తూ ఒకచోట ఆగి, తాత పట్టుకునే కొస వైపు ఒకసారి చూసి, మళ్ళీ పనిలో పడింది.

ఇన్నేళ్ళలో తప్పు చేసి నా ముందు తల వంచుకుని నిలబడినవాళ్ళు ఉన్నారు. పిల్లలు ఉన్నారు, ఒకసారి మా ఆయన కూడా. విన్నాక కోపం రాలేదని చెప్పను, చాలా వచ్చింది. అప్పుడల్లా నా అరచేతులకు గోనె గరుకు తగిలేది. పదేళ్ళ పిల్ల ఒకతె, నా నోట ఆ మాట విన్న తర్వాత కూడా, తన కొస వదిలిపెట్టలేదు.