టిక్కుమనే రెంచి కొన్నంక

మిర్యాలగూడ మిల్లుల పదిమంది ముందట నా ఇజ్జత్ ఎట్ల పోయిందో చెప్తా, చాయ్ తాగుకుంట వినుండ్రి. నవ్వితె నవ్వుండ్రి గాని మధ్యల ఆపకుండ్రి. మధ్యల ఆపినోళ్లను నేను యాదిపెట్టుకుంట.

ఇంజన్లు, మోటర్లు, మిల్లు మిషన్లు బాగుచేసుకుంటనే ముసలోణ్ణయిన. బోల్టు ఎంత బిగించాల్నో నాకు ఎవ్వరు నేర్పలే. మోచెయ్యి చెప్తది. నేను బిగించిన బోల్టు వదులైందని సూర్యాపేటల ఎవ్వడు నా గడప తొక్కలే.

మిర్యాలగూడల ఒక సేటు ఉన్నడు. వాళ్ల నాయిన కాలం నుంచి ఆ రైసుమిల్లు పని నాదే. ఈ నడుమ ఆయన బియ్యంల నల్లగింజలు ఏరే కొత్త మిషను తెచ్చిండు. దాని ముందట అద్దం, అద్దం ఎనక గింజలను చూసే కెమెరా, అద్దం చుట్టు చిన్న చిన్న బోల్టులు. అవి కూసునేది ఇనుముల కాదు, అల్యూమినియంల. ఎక్కువ బిగిస్తె అద్దం పగుల్తది. తక్కువ బిగిస్తె తౌడు దుమ్ము లోపలికి పోయి మిషను గుడ్డిదైతది. ఆ అద్దం విప్పి, తుడిచి, మళ్ల బిగించే పని పడ్డది. సేటు ఫోను చేసిండు.

"మేస్త్రీ, దీనికి టార్కు రెంచి, అదే బిగువు కొలిచే పానా, కావాల్నంట. పది మీద పెట్టి బిగించమన్నరు కంపెనీవాళ్లు. నీ దగ్గర ఉన్నదా?"

"నా చెయ్యి ఉన్నది సేటు."

"చెయ్యి వద్దు. రెంచి ఉంటె రా. లేకుంటె చెప్పు, కంపెనీ మనిషిని పిలిపిస్త. మిల్లు మొత్తం పని మాకే ఇయ్యుండ్రి అని వాళ్లు ఎప్పటిసంది అడుగుతున్నరు."

తెస్త అని ఫోను పెట్టేసిన. కంపెనీ మనిషి ఒక్కసారి ఆ గేటు లోపల కాలు పెడితె ఇగ ఆ మిల్లు నాది కాదు.

సూర్యాపేటల దుకాండ్లన్ని తిరిగిన. లారీ చక్రాలకు పెట్టే బారెడు రెంచి చూపెడుతున్నరు గాని, చిన్నది ఎవ్వని దగ్గర లేదు. "కోదాడల సుబ్బారావు దగ్గర ఉంటది, పో" అన్నరు.

సుబ్బారావు పేరు ఇంటె నాకు ఒళ్లు మండుతది. ఎందుకంటరా? ఆయన కొడుకు పెండ్లికి పోయిన. నేను ఇంక పెరుగన్నం తినకముందే నా ముందట ఇస్తరాకు ఎత్తేసిండ్రు. ఆయన గాడనే నిలబడి చూస్తున్నడు. ఒక్క మాట అనలే. ఆనాటి నుంచి ఆ దుకాణం మెట్టు ఎక్కలే. ఎక్కనని యాదమ్మకు గూడ చెప్పిన. యాదమ్మ అంటె మా ఇంటామె.

"ఆ పెరుగు ఇంక ఎన్నేండ్లు పులియబెడ్తవ్?" అన్నది ఆమె. "మిల్లు పోతది. పో, తెచ్చుకో."

పోయిన. మిల్లు కోసం పోయిన, ఆయన కోసం కాదు.

"రండి అన్నయ్యా, ఎన్నాళ్లకి. కూర్చోండి, టీ చెప్తాను."

"కూసునే పని లేదు. చిన్న టార్కు రెంచి చూపెట్టు."

రెండు తీసి బల్ల మీద పెట్టిండు. ఒకటి మన దేశపుది. ఇనుప కడ్డీ, దాని పక్కన ముల్లు, ముల్లు కింద అంకెల పట్టీ. బిగిస్తుంటె ముల్లు అంకెల మీద జరుగుతది. చూసేటందుకు మొరటుగ ఉన్నది. ఇంకొకటి తైవానుది. నల్ల డబ్బల స్పాంజి, స్పాంజిల నగ లెక్క పండుకోబెట్టిండ్రు. పిడి తిప్పి అంకె పెట్టుకోవాలె. అంత బిగువు రాంగనే టిక్కుమంటది, మనం ఆపాలె. పిడి చేతిల పట్టుకుంటె దూది పట్టుకున్నట్టు ఉన్నది.

"అన్నయ్యా, మీకు మనదే మంచిది" అన్నడు సుబ్బారావు. "ముల్లు కంటికి కనబడుద్ది. కొంచెం తేడా వస్తే మీరే వంచి సున్నా మీదకి తెచ్చుకోగలరు. ఈ ఫారిన్‌ది వాడినాక స్ప్రింగు వదులు చేసి దాచుకోవాలి, తేడా వస్తే హైదరాబాదు పంపాలి. పైగా మిల్లు పనంటున్నారు. ఆ మోతలో ఈ టిక్కు మీకు వినపడుద్దా?"

నిజం చెప్తున్న, నా జిందగీల ఫారిన్ సామాను ముట్టలే. నా సంచిల ఉన్న పానాలన్ని మన దేశపువే, నాతోని పాటే ముసలియైనయి. మనది మొరటుగ ఉన్నా మన్నుతది అని ఊరందరికి చెప్పేదే నేను. కాని అదే మాట ఆయన నోట్లకెల్లి వస్తె నాకు నచ్చలే. అమ్ముడుపోనిది నాకు అంటగడుతున్నడు అనుకున్న. మళ్ల 'మీకు వినపడుద్దా' అంటడా?

"తైవానుదే కట్టు" అన్న.

"ఇంకోసారి ఆలోచించండి అన్నయ్యా."

"కట్టమన్న గద."

టీ వచ్చింది. తాగకుండనే వచ్చిన.

ఇంటికొచ్చి వైసుల ఒక బోల్టు పట్టించి, కొత్త రెంచితోని బిగించి పరీక్ష చేసిన. వంటింట్లకెల్లి యాదమ్మ, "టిక్కుమన్నది" అన్నది.

"నాకు గూడ ఇనబడ్డది" అన్న. ఆమె చెప్పినంక ఇనబడ్డది, అది వేరే ముచ్చట.

"నువ్వు టీవీ పెడితె గల్లీ మొత్తం ఇంటది. నీకు ఇది ఇనబడ్డదా?"

ఆడోళ్లతోని రెంచి ముచ్చట ఏంది అని డబ్బ మూసిన.

తెల్లారి మిర్యాలగూడ పోయిన. కోతల కాలం. వేములపల్లి దిక్కు నుంచి వడ్ల ట్రాక్టర్లు రోడ్డు దాక నిలబడ్డయ్. "మిల్లు ఆపను మేస్త్రీ, ఈ ఒక్క మిషనే బందు పెడ్త" అన్నడు సేటు. "పెట్టు" అన్న. డబ్బ తెరిచిన, అందరికి కనబడేటట్టు మెల్లగ తెరిచిన. హమాలీలు వచ్చి చుట్టు నిలబడ్డరు. పిడి తిప్పి పది మీద పెట్టిన. అద్దం తుడిచి కూసోబెట్టి మొదటి బోల్టు పట్టిన.

పక్కన పొట్టు తీసే మిషను దడదడ. వడ్లు పైకెత్తే ఎలివేటరు గరగర. నేను టిక్కు కోసం చూస్తున్న. వస్తలేదు. ఇంక కొంచెం తిప్పిన. వస్తలేదు. మోచెయ్యి "చాలు" అన్నది. ఇన్నేండ్ల సంది ఆ మోచెయ్యి మాట ఇని బతికినోణ్ణి, ఆనాడు ఇనలే. ఫారిన్ రెంచి ఏమంటదో ఇందామని ఇంక కొంచెం గుంజిన.

'టక్'మన్నది. గట్టిగ, మంచిగ ఇనబడ్డది.

"వచ్చింది సేటు! ఇన్నవా?" అని మిల్లు మొత్తం ఇనేటట్టు అన్న.

సేటు నా దిక్కు చూస్తలేడు. కింద చూస్తున్నడు. బోల్టు తలకాయ దొర్లుకుంట పోయి ఆయన చెప్పు దగ్గర ఆగింది.

గాడ మంగ్లి అని ఒకామె ఉంటది. తండా నుంచి వచ్చి మిల్లుల రాలిన బియ్యం ఊడుస్తది. చీపురు ఆపి అన్నది: "తాతా, అది ఎప్పుడో టిక్కుమన్నది. మళ్ల గూడ అన్నది. నువ్వే ఆగలే."

హమాలీలు నవ్విండ్రు. ఎవరెవరు నవ్విండ్రో నాకు యాదికున్నది. సేటు మాత్రం నవ్వలే, జేబుల నుంచి ఫోను తీసిండు.

"ఫోను లోపల పెట్టు సేటు" అన్న. "విరిగింది బోల్టు. అద్దం కాదు."

సన్న ఉలి తీసి, విరిగిన ముక్క అంచుకు పెట్టి, సుత్తెతోని మెల్లగ కొట్టుకుంట తిప్పిన. ముక్క గుండ్రంగ తిరుక్కుంట బయటికొచ్చింది. అల్యూమినియంల మర ఒక్కటి చెడలే. సేటు వంగి వేలు పెట్టి చూసిండు. ఫోను జేబులకు పోయింది.

"మంచిదే. మరి మిగిలిన బోల్టుల టిక్కు ఎవరింటరు?"

నేను విరిగినదాని జాగల కొత్త బోల్టు పెడుతున్న. మంగ్లి చెప్పింది. "నేనింట."

వచ్చి నా పక్కన గొంతుక్కూసున్నది. రెంచి టిక్కుమనంగనే చీపురు లేపి "ఆగు తాతా" అంటది. నేను ఆగుత. ఇంకో బోల్టు. "ఆగు." ఆగుత. యాదమ్మ ఇన్నేండ్ల సంది ఆగుమంటె ఒక్కనాడు ఆగినోణ్ణి కాదు. గీడ చీపురు లేస్తె ఆగుతున్న. అన్ని బోల్టులు సక్కగ కూసున్నయ్, అద్దం మీద గీత పడలే.

సుబ్బారావు చూపెట్టిన ముల్లు రెంచి తెచ్చుకుంటె అయిపోతుండె గద అని మీరంటరు. ఆయన దుకాండ్లకు పోయి, నువ్వు చెప్పిందే నిజమైంది అని నిలబడుడు కంటె మంగ్లి చీపురు కింద కూసునుడు నాకు నయం.

మిల్లు అయితె పోలే. కంపెనీ మనిషి రాలే. నిన్న పొద్దున నేనే సేటుకు ఫోను చేసిన, అద్దం తుడిచే టైమయ్యింది, వస్తున్న అని.

"ఇయ్యాల రాకు మేస్త్రీ" అన్నడు. "మంగ్లి చుట్టాల పెండ్లికి తిరుమలగిరి పోయింది. ఆమె వచ్చినంక పని పెట్టుకుందం. అప్పుడు నువ్వు గూడ రా."