మిషిన్ ఆగిన రోజుల బుక్కు

టైపు మేడం పోయిన కబురు ఆమె తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు. "అక్క పోయింది సార్. పొద్దుగాల చాయ్ తాగింది, గట్లనే కుర్చీల కూసున్నది, లేవలే." ఫోన్ పెట్టేయగానే, ఎన్నో ఏళ్ల కింద నేనామెకు రాసిచ్చిన మాట గుర్తొచ్చింది. "మిషిన్ ఆగితే నేను ముట్టను." కింద నా సంతకం, వంకీలు తిప్పి మరీ. ఆ మాట నేను నిలబెట్టుకోలేదు.

నేను ఎవరి గురించీ మంచి రాయనని మెదక్‌లో నాకొక పేరుంది. మంచి రాయదగినవాళ్లు తక్కువ తగిలారు, ఏం చేయను? ఒకామె తగిలింది. ఆమె గురించి రాస్తున్నాను.

రాందాస్ చౌరస్తా దగ్గరి సందులో ఆమెది టైపు ఇన్‌స్టిట్యూట్. ఒకరోజు ఆరు టైపు మిషిన్లనూ గోడవారకు జరిపి, మధ్యలో ఒక కంప్యూటర్ తెచ్చి పెట్టింది. దేశం తలుపులు తెరిచింది, ప్రపంచం లోపలికి వస్తోంది అని పత్రికలు రాస్తున్న కాలమది. మా సందులోకి వచ్చిన ప్రపంచం ఆ డబ్బా ఒక్కటే. అది కూడా గంటకోసారి ఆగిపోయేది. తెర మీద బాణం కదలదు, అక్షరం పడదు. అందరం గాభరాపడి దొరికిన మీటనల్లా ఒత్తేవాళ్లం. మేడం మాత్రం కుర్చీ వెనక్కి జరిపి, "చేతులు తీయుండ్రి" అనేది. అందరూ చేతులు బల్ల మీద పెట్టాలి. కనబడేటట్టు పెట్టాలి. పెద్ద పెద్ద ఉద్యోగులు కూడా బడిపిల్లల్లా పెట్టేవారు. నేనూ పెట్టాను.

తర్వాత ఆమె కీబోర్డులో కుడిపక్క అంకెలకు పైన ఉన్న మీటను రెండుసార్లు నొక్కేది. దాని పక్కనున్న చిన్న పచ్చదీపం వెలిగి ఆరితే ముఖం విప్పారేది. "లోపట పానం ఉన్నది. ప్రోగ్రామే జర పరేషాన్ల పడ్డది. చాయ్ తాగుదాం." చాయ్ తాగేలోపు సగంసార్లు అదే లేచి కూర్చునేది. లేవకపోతే మూడు మీటలు కలిపి ఒక్కసారి ఒత్తేది. ఏ ప్రోగ్రాం ఆగిందో పేరుతో సహా తెర మీదికొచ్చేది. దాన్నొక్కదాన్ని మూసేసి, మిగతా పని కాపాడేది. "ఒక్కసారే ఒత్తాలె సార్. రెండోసారి ఒత్తితే మిషిన్ మొత్తం మొదటికొస్తది. దాసుకోనిదంతా పోతది."

కుల్చారం నుంచి వచ్చిన ఒకాయన ఈ తతంగమంతా చూసి విసుక్కున్నాడు. "గింత కథ ఎందుకమ్మా? మా ట్రాక్టర్ ఆగితే ఒక్క తన్ను తంత, ఉరుకుతది."

"మీ ట్రాక్టర్ల మీ భూమి కాయితం ఉండదు కదనే. దీంట్ల ఉన్నది. తంతరా మరి?"

ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు. అప్పటికే లేపి ఉన్నాడు మరి.

ఆమె దగ్గర నీలం అట్ట బుక్కు ఒకటుండేది. మిషిన్ ఆగిన ప్రతిసారీ అందులో రాసేది: ఏం ఒత్తిండ్రు, ఎవరు ఒత్తిండ్రు, ఎట్ల లేచింది. మొదటి పేజీలో మేమంతా ముట్టమని రాసిచ్చిన సంతకాలు. లోపలి పేజీలు నేను తెరిచి నవ్వుకుంటుండేవాణ్ణి. "ఏం ఒత్తలేదంట. ఒత్తిండు." ఈ ముక్క పేజీకి రెండుసార్లయినా ఉండేది. "గీ బుక్కుల అబద్ధం రాస్తే మల్ల ఆగినప్పుడు నేనే ఆగమైత సార్" అనేది. జీవితంలో నేను చాలా పుస్తకాలు చదివాను. అంత నిజం రాసిన పుస్తకం ఇంకొకటి చదవలేదు.

ఏళ్లు గడిచినా ఆమె ఆ డబ్బాను మార్చలేదు. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా దీక్షా శిబిరాలు వెలిసిన రోజులు. మా సాహితీ సంఘం ఒక కవితల పుస్తకం వేయాలనుకుంది. మర్నాడు శిబిరంలో ఆవిష్కరణ. సంఘం అధ్యక్షుడు పొద్దున్నే వచ్చి, కాగితం లేకుండా, నిలబడి, చేతులూపుతూ తన కవిత తానే చెప్పి టైపు చేయించి చాయ్‌కి పోయాడు. రాష్ట్రం గురించి నాలుగు పంక్తులు, తన గురించి నలభై. తర్వాత నేను కూర్చున్నాను. "ఆ పదం మార్చమ్మా, ఈ పదం తీసెయ్యమ్మా" అని ఊపిరాడనివ్వలేదు. కొట్టిందంతా మధ్యమధ్యలో మిషిన్లో దాచుకునే అలవాటున్న మనిషికి ఆ రోజు నేను సందివ్వలేదు.

మిషిన్ ఆగింది. ఆమె పచ్చదీపం చూసింది, నవ్వింది, "పానం ఉన్నది, ముట్టకుండ్రి" అని చెప్పి చాయ్ పెట్టడానికి లోపలికెళ్లింది. నేను మూడు మీటలు ఒత్తాను. తెర మీద ఏదో జాబితా వచ్చింది. నాకు ఓపిక లేదు. మళ్లీ ఒత్తాను. తెర నల్లబడింది.

ఆమె రెండు కప్పులతో వచ్చి చూసింది. "ఆఖర్ల ఏం ఒత్తిండ్రు సార్?"

"ఏం ఒత్తలేదు."

అప్పుడే అధ్యక్షుడు లోపలికొచ్చాడు. తన కవిత పోయిందని తెలిసి సందు అదిరేటట్టు అరిచాడు. "గిట్లనా పని చేసేది? ఎవలు ఒత్తిండ్రు?"

ఆమె కప్పులు బల్ల మీద పెట్టింది. "నేనే ఒత్తిన సార్. పొరపాటైంది."

నేను చాయ్ తాగాను.

ఆ కవిత మళ్లీ చెప్పడానికి అధ్యక్షుడు గంటసేపు తల గోక్కున్నాడు. "యాదికొస్తలేదు" అని చివరికి వెళ్లిపోయాడు. మా పుస్తకానికి జరిగిన గొప్ప మేలు అదే. మిగతా కవితలకు కాగితాలున్నాయి. సాయంత్రం దాకా నేను చదివాను, ఆమె కొట్టింది. అధ్యక్షుడి కవితలో గుర్తున్న ముక్కల్ని నేను ఆయన గొంతుతో, చేతులూపుతూ చెప్తుంటే ఆమె కీబోర్డు వదిలేసి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నా జీవితంలో అంత సంతోషంగా గడిచిన పగళ్లు ఎక్కువ లేవు. పుస్తకం వేళకు వచ్చింది. శిబిరంలో అందరూ మెచ్చుకున్నారు.

తర్వాత సంఘం పనులు ఆమెకు రాలేదు. కరపత్రాలు, ఆహ్వానాలు, అన్నీ బస్టాండు దగ్గరి కొత్త సెంటరుకు పోయాయి. "ఒత్తొద్దని మనకు చెప్పి, తనే ఒత్తి నా కవిత పోగొట్టింది" అని అధ్యక్షుడు ఊరంతా చెప్పాడు. పనిలో అంత జాగ్రత్త గల మనిషికి ఆ మాట మిగిలింది. ఆయన్ను నేను ఇన్నేళ్లూ తిట్టాను, సభల్లో తిట్టాను, వ్యాసాల్లో తిట్టాను. మేడం ఒకసారి విని, "ఆయన గట్టిగ ఒర్రిండు సార్, గంతే. ఇడిసిపెట్టుండ్రి" అంది. నా వైపు చూడకుండా అంది.

పెద్దకర్మ నాడు తమ్ముడు ఆ నీలం అట్ట బుక్కు నా చేతిలో పెట్టాడు. "మొదటి సంతకం మీదే ఉన్నది సార్. పారేయబుద్ధి కాలే." ఇంటికొచ్చి ఆ రోజు పేజీ వెతికాను. ఆమె గుండ్రటి అక్షరాలు.

ఏం ఒత్తిండ్రు: మూడు మీటలు, రెండుసార్లు.

ఎవరు ఒత్తిండ్రు: నేను.

ఎట్ల లేచింది: సార్ చదివిండు, నేను కొట్టిన. మస్తు నవ్వినం.

ఆ బుక్కు మొత్తంలో అబద్ధం ఆ ఒక్క మాటే. అందులో అబద్ధం ఉండటం ఆమెకిష్టం లేదు. కళ్లజోడు తుడుచుకుని, "నేను" అన్న మాట మీద గీత కొట్టి, పక్కన నా పేరు రాశాను, ఇంటిపేరుతో సహా. కింద సంతకం పెట్టాను. ఈసారి వంకీలు తిప్పలేదు.