ఇంట్లో పెట్టి చూసిన వజ్రం

నా పెళ్ళి ఉంగరాన్ని పోయిన చలికాలంలో కత్తిరించి తీయాల్సి వచ్చింది. వేలి కణుపు వాచి, సబ్బు రాసినా, నూనె పూసినా, దారం చుట్టి లాగినా అది కదల్లేదు. జమ్మలమడుగులో మా వీధి చివర ఉండే కంసాలి దాన్ని సన్నటి రంపంతో ఒక పక్క కోసి, విప్పి, నా అరచేతిలో పెట్టాడు. చర్చిలో అందరి ముందూ తొడిగించుకున్న ఉంగరం అట్లా నోరు తెరుచుకుని పడుంటే నాకు ఏడుపొచ్చింది. మా ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు.

"ఏడుస్తావేందిమ్మే? కొత్తది చేపిచ్చుకుందాం. ఈసారి రాయి పెట్టిచ్చుకుందాం" అన్నాడు.

రాయి అనగానే నా ఏడుపు ఆగిపోయింది. పెళ్ళయినప్పటినుంచీ మా ఇంట్లో ఎవరూ ఎత్తని మాట అది.

వజ్రం కొనడానికి మా వైపు ఒక పద్ధతి ఉంది. నచ్చిన రాయిని పొట్లం కట్టించుకుని ఇంటికి తెచ్చి మూడు రాత్రులు ఉంచుకుంటారు. ఆలోగా ఇంట్లో ఏ చెడూ జరక్కపోతే అచ్చొచ్చిందని కొంటారు. ఎవరికైనా దెబ్బ తగిలినా, ఏదైనా విరిగినా, పొట్లం వెనక్కి పోతుంది. అంగడివాళ్ళు కూడా మారుమాట్లాడకుండా తీసుకుంటారు. మేమేమో ముత్తాతల కాలం నుంచీ మిషన్ చర్చి వాళ్ళం. రాహుకాలం చూడం, జాతకాలు చూడం, పిల్లి ఎదురొస్తే దాని దారిన దాన్ని పోనిస్తాం. వజ్రం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఊరందరితో కలిసిపోతాం. ఇదేమిటని అడిగితే మా అత్త ఒకటే జవాబు చెప్పేది: "ప్రభువు చూసుకుంటాడు. మనం గూడా రోంత చూసుకోవాల గదా!"

మా పెళ్ళికి మా మామ ప్రొద్దుటూరు నుంచి ఒక వజ్రం తెచ్చాడు. అది ఇంటికొచ్చిన రెండో రోజు పెద్దముడియం దగ్గర వాళ్ళ చేనిలో పత్తికి నీళ్ళు కట్టే మోటారు కాలిపోయింది. మా అత్త ఆ సాయంత్రమే రాయిని వెనక్కి పంపించేసింది. చర్చిలో నాకు సాదా ఉంగరం తొడిగారు. అప్పటికి నేనింకా కాబోయే కోడల్నే కాబట్టి నోరెత్తలేదు. కానీ మనసులో మాత్రం, ఎక్కడో చేనిలో మోటారు కాలితే నా వేలికేం సంబంధమని మండిపడ్డాను. నేను మెత్తగా కనిపిస్తాను గాని, కోపాన్ని మడిచి పెట్టెలో పెట్టుకోవడంలో నాకు నేనే సాటి. ఏ పెళ్ళికి పోయినా ముందు పెళ్ళికూతురి వేలే చూసేదాన్ని.

మా ఆయన పులివెందులలో గవర్నమెంటు ఆఫీసులో పనిచేస్తాడు. పొద్దున్నే ముద్దనూరు మీదుగా బస్సులో పోయి, చీకటి పడేసరికి తిరిగొస్తాడు. ఆ వారం శనివారం సెలవు పెట్టి నన్ను ప్రొద్దుటూరు తీసుకుపోయాడు. అత్త రానంది. ఎనభై దాటిన మనిషి. "మీరు పోయి తెచ్చుకోండి. ఇంటికొచ్చినాంక నేను చూస్తా" అంది. ఆమె చూస్తానన్నందుకే నాకు దారి పొడుగునా గుబులుగా ఉంది.

పెళ్ళప్పుడు మా మామ రాయి తెచ్చిన అంగడికే పోయాం. అప్పటి పెద్దాయన లేడు. కొడుకు కూర్చుని ఉన్నాడు. నల్ల గుడ్డ మీద వరసగా గుండ్రటి వజ్రాలు పరిచాడు. అన్నీ పెళ్ళి పందిట్లో సీరియల్ లైట్లలాగా మిణుకుమంటున్నాయి. మా ఆయన ప్రతి దానికీ "బాగుండాది, ఇదీ బాగుండాది" అంటున్నాడు. ఆయనకు ఏ అంగడిలోనైనా రెండో వస్తువు చూపించేసరికి ఆకలేస్తుంది. నాకు మాత్రం ఒక్కటీ మనసుకు పట్టలేదు. తల తిప్పితే చాలు, ఎక్కడికక్కడ మెరుపే. రాయి ఎక్కడుందో తెలియదు.

అప్పుడు ఆ గుడ్డ మీదే ఓ మూల ఇంకో మూడు కనిపించాయి. నలుచదరంగా, కొంచెం పొడుగ్గా, మూలలు నరికి ఉన్నాయి. వాటిల్లో మిణుకులు లేవు. నిదానంగా ఒక తెల్లటి వెలుగు ఈ పక్క నుంచి ఆ పక్కకు జరుగుతోంది.

"అవేంది?" అన్నాను.

"ఎమరాల్డ్ కట్ అంటారమ్మా. పచ్చల్ని కోసే పద్ధతిలో కోసిందని ఆ పేరు. రాయి వజ్రమే. మన పక్క ఎక్కువ అడగరు" అన్నాడు అంగడాయన. "ఒక మాట ముందే చెప్తాండా. రౌండులో చిన్న మచ్చ ఉన్నా మెరుపు కింద దాగిపోతాది. దీంట్లో దాపరికం ఉండదు. లోపల ఏముంటే అది కనపడ్తాది."

ఒకదాన్ని పట్టకారుతో పట్టుకుని కంటికి దగ్గరగా పెట్టాను. చూపు లోపలికి మెట్లు మెట్లుగా దిగింది. వేసవిలో దిగుడుబావి గట్టున నిలబడి, అడుగున తేటగా ఉన్న నీళ్ళ దాకా చూసినట్టుంది. చెప్పడానికి సిగ్గెందుకు, ఆ రాయి మీద నాకు ఆశ పుట్టింది.

దీపాల కింద అన్ని రాళ్ళూ మహారాణులే కాబట్టి, మూడింటినీ గుమ్మం దాకా తీసుకుపోయి ఎండలో చూస్తానన్నాను. అంగడాయన నవ్వుతూ వెంట వచ్చాడు. పొడుగ్గా ఉన్నదాంట్లో ఎండ పడగానే పసుపు నీళ్ళ ఛాయ కనిపించింది. పెద్దది తెల్లగానే ఉంది గాని, నడిమి మెట్టు మీద మిరియప్పొడి నలుసంత నలుపు. మూడోది చిన్నది. ఎటు తిప్పి చూసినా శుభ్రంగా ఉంది.

"పెద్దది తీసుకోమ్మే. ఆ నలుసు ఎవురికి కనపడ్తాది?" అన్నాడు మా ఆయన.

"నాకు కనపడ్తాది."

"ఆ చిన్నది ఏందో కిటికీ అద్దం ముక్క మాదిరి ఉండాది."

"ఉంటే ఉండనీ. నా కిటికీ" అన్నాను. అంగడాయన నవ్వాపుకోలేక అటు తిరిగాడు.

ఆ చిన్నదాన్ని లోపల నీలం కాగితమున్న పొట్లంలో మడిచి ఇస్తూ, అలవాటైన మాటే చెప్పాడు. "ఇంట్లో పెట్టుకోని చూడండి. అచ్చొస్తే మంగళారం వచ్చి ఉంగరం కొలతియ్యండి. లేదంటే రాయి తెచ్చియ్యండి, ఏం మొగమాటం లేదు."

ఇంటికి రాగానే అత్త పొట్లం విప్పింది. కళ్ళద్దాలు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని చూసింది. "మెరవదేందిమ్మే ఇది?" అంది.

"దాని తీరే అంత అత్తా. లోపలికి చూడాల."

చాలాసేపు లోపలికి చూసింది. పొట్లం మడిచి తన తలదిండు కింద పెట్టుకుని, మామూలు ప్రార్థనలోనే ఆ రాయి కోసం కూడా ఓ మాట కలిపింది.

మరునాడు ఆదివారం. జ్వరమొచ్చినా చర్చి మానని మనిషి ఆ రోజు రానంది. మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చుని, "రాయిని ఒంటిగా ఇడిసిపెట్టి ఎట్ల వచ్చేది? మీరు పోయిరాండి" అంది. నాకు ఒళ్ళు మండింది. కాపలా కాసి మరీ తప్పు పట్టాలని చూస్తోందనుకున్నాను. చర్చిలో పాస్టరు ఏం చెప్పాడో ఒక్క ముక్క తలకెక్కలేదు.

ఆ మధ్యాహ్నమే జరిగింది. వడలు వేస్తుంటే పిండి జారి నూనెలో పడి, కాగిన నూనె చివ్వున చిమ్మి కుడి మణికట్టు మీద పడింది. ఇంకో రోజైతే వీధికంతా వినపడేలా అరిచేదాన్ని. ఆ రోజు పెదవి కొరుక్కుని, చేతిని నీళ్ళ బకెట్లో ముంచి నిలబడ్డాను. మా ఆయన చూశాడు.

"అమ్మకు చెప్పొద్దు" అన్నాను, ఆయన నోరు తెరవకముందే.

"కాలిందా?"

"ఏం కాలే. మందు తెచ్చియ్యి. తెచ్చేది ఆమెకు కనపడనియ్యాకు."

ఆయన పాపం ట్యూబును సాక్సులో దాచుకుని తెచ్చాడు. నేను పొడుగు చేతుల రవిక తొడుక్కున్నాను. ఎండాకాలం ముందు ఆ రవికేమిటని ఎవరైనా అడుగుతారేమోనని ఆ సాయంత్రమంతా అత్త వైపు చూడకుండా తిరిగాను. ఆమె కూడా నన్ను ఏమీ అడగలేదు. మంచం దిగకుండా, మంచినీళ్ళూ అన్నమూ నాతో అక్కడికే తెప్పించుకుంది.

సోమవారం నేను పాఠాలు చెప్పే స్కూలు నుంచి వచ్చి చట్నీకి మిక్సీ వేశాను. అది మూలిగి, వాసనొచ్చి, పొగ వదిలింది. ఈ పొగను దాచడానికి పొడుగు చేతుల రవిక లేదు. అత్త మంచం వంటింటికి ఎదురుగానే ఉంది. మోటారు కాలిన రోజున కూడా ఇదే వాసన వచ్చి ఉంటుందనుకున్నాను. దిండు కింది పొట్లం తీసి వెనక్కిచ్చి రమ్మంటుందని ఎదురుచూస్తూ అట్లాగే నిలబడ్డాను.

"ఏమ్మే, ఆ మిక్సీ మీ తమ్ముని పెండ్లికి ముందు కొన్నెది గదా?" అంది అత్త.

"అవునత్తా."

"ఇంకేం, దానికి కాలం తీరింది. రోట్లో రుబ్బు. చట్నీ రుచిగా గూడా ఉంటాది."

నేను నమ్మలేకపోయాను. చేనిలో మోటారు కాలితే రాయిని వెళ్ళగొట్టిన మనిషి, కళ్ళముందు మిక్సీ కాలితే రుచి గురించి మాట్లాడుతోంది. రోట్లో రుబ్బుతూ మా ఆయనతో గుసగుసగా చెప్పాను. "ముసిలిదైపోయిందిలే, మర్చిపోయింటాది" అన్నాడు. మా అత్త మర్చిపోయే మనిషి కాదు. పెళ్ళినాడు మావాళ్ళు పెట్టిన పప్పులో ఉప్పు తక్కువైందని ఇప్పటికీ చెబుతుంది.

మంగళవారం ఇద్దరం సెలవు పెట్టాం. పొద్దున్నే అత్త తనూ వస్తానంది. తెల్ల చీర కట్టుకుని, పొట్లాన్ని రవికలో దోపుకుని, మంచం అంచున కూర్చుంది. చెప్పులు తొడుగుదామని నేను కింద కూర్చున్నాను. ఎడమ చెప్పు ఎక్కలేదు. చీర అంచు పైకి తీశాను. చీలమండ పాత చీర పీలికలతో గట్టిగా చుట్టి ఉంది. ఆ గుడ్డ కింద పాదం నల్లగా కమిలి, ఉబ్బి ఉంది.

"అత్తా, ఏందిది?"

"అరవాకు. మీ ఆయన ఇంటాడు."

"ఎప్పుడు?"

"ఆదివారం పొద్దున. బాత్రూములో రోంత జారితి."

అంటే రాయి ఇంటికొచ్చిన మొదటి రాత్రి తెల్లవారగానే. చర్చికి రాకపోవడం, మంచం దిగకపోవడం, దుప్పటి, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఇన్ని రోజులూ కాపలా కాస్తోందని నేను పళ్ళు నూరుకున్న మనిషి, నొప్పిని పీలికల్లో చుట్టేసి కూర్చుని ఉంది.

"చెప్పొచ్చు గదా అత్తా!"

"చెప్తే నువ్వు రాయి తిరిగిచ్చేస్తావు. జారింది నా కాలు. రాయేం చేసింది పాపం?"

ఆమె గొంతు తగ్గించింది.

"నీకెప్పుడూ చెప్పలే నేను. ఆ పొద్దు మోటారు కాలిందని నీ రాయి తిప్పి పంపిస్తి గదా. రాయి పోయినాంక గూడా ఆ మోటారు మళ్ళా కాలింది. మరుసటేడు ఇంగోసారి కాలింది. కాలినప్పుడల్లా నాకు నీ బోసి ఉంగరమే కనపడేది. ఎట్ల చెప్పేది? నోరు రాలే."

ఇన్నేళ్ళు పెట్టెలో మడిచి పెట్టుకున్న కోపం కోసం వెతికితే అది అక్కడ లేదు. దానికి బదులు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రవిక చెయ్యి పైకి లాగి నా మణికట్టు చూపించాను.

"తెలుసులే" అంది. "ఆదివారం నుంచి ఎడంచేత్తో నీళ్ళిస్తాండావు."

ముందు ఆస్పత్రికి పోదామని ఎంత చెప్పినా వినలేదు. "ఆస్పత్రి యాడికీ పోదు. ముందు రాయి పని కానీ" అంది. ఆటో మాట్లాడుకుని ప్రొద్దుటూరు పోయాం. మా ఆయన ఒక పక్క, నేను ఒక పక్క పట్టుకుంటే అంగడి మెట్లు ఎక్కింది. కట్టు కట్టిన కాలికి చెప్పు లేదు. కుర్చీలో కూర్చోగానే ఆ పాదాన్ని చీర కుచ్చిళ్ళ కిందికి లాక్కుంది. నేను కాలిన చేతిని కొంగులో చుట్టుకున్నాను. మా ఆయన ఎందుకో గోడ మీది గడియారం చూస్తున్నాడు.

అంగడాయన పొట్లం విప్పి, రాయిని చూసి, అత్త వైపు తిరిగాడు. "ఎట్లుందవ్వా? ఇంట్లో అంతా బాగుండారా? ఏమన్నా అయ్యిందా?"

మా అత్త నిటారుగా కూర్చుంది.

"ఏం కాలేదు నాయనా" అంది. "శానా అచ్చొచ్చింది. నా కోడలి వేలు కొలత తీసుకో."