పొడి అద్దని పేరు

నా పెళ్ళికార్డు మీద చచ్చిపోయిన మా నాన్న పేరుంది, బతికున్న మా అమ్మ పేరు లేదు. ఆ రోజుల్లో అంతేనండీ. విధవరాలి పేరు శుభలేఖలో పడితే పెళ్ళికూతురికి అరిష్టం అనేవారు. నన్ను కని, పెంచి, తాడేపల్లిగూడెంలో మా పెదనాన్నగారింట్లో ఇంటిల్లిపాదికీ వండిపెడుతూ, నాకు మంచి సంబంధం కుదరాలని కనపడిన రాయికల్లా మొక్కిన మనిషి పేరు అరిష్టమట! ఎవరు చెప్పారో గానీ ఆ శాస్త్రం, వాళ్ళ నోట్లో మన్నుపడ.

నాకు చిన్నప్పటి నుంచీ నోరెక్కువ. తిన్నగా పెదనాన్న దగ్గరికి వెళ్ళి, "కార్డులో అమ్మ పేరు కూడా వేయించండి" అని అడిగేశాను. ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "పిచ్చిపిల్లా, వెళ్ళి మీ అమ్మనే అడుగు, వద్దంటుంది" అన్నారు. నేను అడగలేదు. అడిగితే వద్దంటుందని నాకూ తెలుసు.

కార్డులు అచ్చువేసేది ఏలూరులో మా మేనమామ. ఒక్క ట్రెడిల్ మిషనుతో చిన్న ప్రెస్సు ఆయనది. ముహూర్తాల రోజుల్లో అందరికీ బంగారు అక్షరాల కార్డులే కావాలి. బంగారం కాదు లెండి, బ్రాంజు పొడి. సిరా బదులు రంగులేని జిగురు వార్నిష్‌తో అచ్చువేసి, అది తడిగా ఉండగానే దూదితో పొడి అద్దుతారు. జిగురున్న చోట అంటుకుంటుంది, మిగతాది దులిపేస్తారు. ముక్కుకి గుడ్డ కట్టుకున్నా తుమ్ములే తుమ్ములు. ఆ అక్షరాలు తిన్నగా చూస్తే మట్టిరంగు, కార్డు కాస్త వంచితే ధగధగ.

నా కార్డులకి పొడి నేనే అద్దుతానని పట్టుబట్టి ఏలూరు వెళ్ళాను. "పెళ్ళికూతురు తన శుభలేఖ తనే తయారుచేసుకుంటోంది, చోద్యం కాకపోతే!" అని మా అత్త నవ్వింది. అలా అద్దుతూ ఉంటే ఒక కార్డు మీద అడుగువరసకి పొడి పడలేదు. అక్కడ అచ్చే పడలేదనుకుని పక్కన పెట్టబోయాను. ఇంతలో కిటికీ వెలుగు ఏటవాలుగా తగిలి, ఉత్త జిగురు అక్షరాలు తడితడిగా మెరిశాయి. తిన్నగా పట్టుకుంటే మళ్ళీ ఏమీ లేదు.

"మావయ్యా, అమ్మ పేరు ఇలా వేద్దామండీ" అన్నాను.

మావయ్య ఆ కార్డు అందుకుని వెలుగుకి వంచి చూశారు. ఆయనకి మా అమ్మ ఒక్కతే అక్క. "మీ పెదనాన్న కంటపడితే నన్నింక గుమ్మం తొక్కనివ్వరే అమ్మాయ్" అన్నారు.

"పడదు లెండి. ఆయన ఏ కాగితమైనా చెయ్యి బారచాపి తిన్నగా పట్టుకునే చదువుతారు."

మావయ్య పకాల్న నవ్వారు. నవ్వుతూనే కళ్ళు ఒత్తుకున్నారు. బంగారు అక్షరాలన్నీ ఆరాక, నాన్న పేరు కింద అమ్మ పేరు ఒక్కటీ పేర్చి, ఉత్త జిగురుతో మళ్ళీ మిషనెక్కించారు. దానికి పొడి అద్దలేదు. కార్డులు చూసి పెదనాన్న "ముచ్చటగా ఉన్నాయి" అన్నారు. గణపవరం, పెదపాడు, ముదినేపల్లి, ఎక్కడెక్కడి చుట్టాలకీ మూలలకి పసుపు రాసి పంచేశారు.

పెళ్ళి దగ్గరపడ్డాక ఓ పొద్దున వంటింటి కిటికీ దగ్గర కార్డు వంచి పట్టుకుని అమ్మకి చూపించాను. కూడబలుక్కుని చదివింది. తన పేరు తను చదువుకున్నప్పుడు మా అమ్మ మొహం చూడాలండీ! అంత సంతోషం ఆ మొహంలో నేనెన్నడూ చూడలేదు. అక్షరాల మీద వేలు పెట్టి మెల్లిగా నిమిరింది. అంతలోనే మొహం పాలిపోయింది.

"ఎంత పని చేశావే తల్లీ! ఇవి పంచేశారా?"

"ఎప్పుడో పంచేశారమ్మా."

కొంగు తడిపి ఆ వరస మీద రుద్దింది. అట్ట చిరిగింది గానీ పేరు పోలేదు. పెళ్ళి జరిగినన్నాళ్ళూ సామాన్ల గదిలో కూర్చుని పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు.

మా ఆయన కొల్లేటి లంకలో బడిపంతులు. చాలా మంచివారు. నా నోటికి భయపడినట్టు నటించి, నేనేమన్నా "చిత్తమండీ" అనేవారు. అలా నవ్వుకుంటూనే కొన్నేళ్ళు గడిచాయి. ఒక వానాకాలం కొల్లేరు పొంగి, ఊరి మంచినీళ్ళ చెరువులో కలిసిపోయింది. ఇంటింటా జ్వరాలు. ఆయనకీ వచ్చింది. పడవ మీద, ఆ తర్వాత బండి మీద ఏలూరు ఆసుపత్రికి చేర్చేసరికి టైఫాయిడు ముదిరిపోయిందన్నారు. ఆయన్ని మళ్ళీ అదే పడవలో తెచ్చుకున్నాం. ఆయన తల నా ఒడిలో పెట్టుకునే కూర్చున్నాను, కానీ ఆయన అప్పటికే లేరు.

అమ్మ వచ్చింది. "నా పేరే తగిలింది నా తల్లికి!" అని గుండెలు బాదుకుంది. "ఊరుకోమ్మా, ఆ సంగతి ఎవరికీ తెలీదు" అని నేను చెవిలో అన్నాను. ఊరుకోలేదు. నలుగురిలో ఎప్పుడూ గొంతెత్తని మా అమ్మ, బంధువులందరి ముందూ నిలబడి చెప్పేసింది. "దాని శుభలేఖ వంచి చూడండి. వాళ్ళ నాన్న పేరు కింద నా పేరుంది."

చూశారండీ. ఇళ్ళకి వెళ్ళి, తీగకి గుచ్చిన పాత కార్డులు లాగి, వాకిట్లో వెలుగుకి వంచి వంచి చూశారు. మా అమ్మ పేరు నలుగురూ చదవాలనుకున్నాను, చదివారు. చెరువు నీళ్ళ మాట ఒక్కరంటే ఒక్కరు ఎత్తలేదు. "అదీ సంగతి!" అనుకున్నారు. మావయ్యకి పెదనాన్నగారి గుమ్మం నిజంగానే మూసుకుపోయింది. నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. మళ్ళీ వేయించాల్సొస్తే బ్రాంజు పొడి దట్టంగా అద్ది మరీ వేయిస్తాను.

కానీ అమ్మకి అది ఎలా చెప్పను? ఎన్నిసార్లు చెప్పినా "నీకు తెలీదులే" అనేది. ఆ రోజు నుంచి తన పేరు తను పలకలేదు, ఎవరైనా పేరుపెట్టి పిలిస్తే వణికిపోయేది.

ఆఖరికి జబ్బుపడి అమ్మ కూడా ఏలూరు ఆసుపత్రిలోనే చేరింది. మంచం దగ్గరికి ఒక నర్సు వచ్చింది. చిన్నపిల్ల, మెడ బోసిగా ఉంది. "మీ పేరేంటమ్మా?" అని ఎంతో మెత్తగా అడిగింది. అమ్మ తల అడ్డంగా ఊపింది. సరే, నేను చెబుదామని నోరు తెరిచాను. తలగడ మీంచి తల ఎత్తలేని మనిషి ఎలా లేచిందో లేచి, నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"చెప్పకే. పాపం, ఆ పిల్లకింకా పెళ్ళి కాలేదు."