పీచుతాడు మీద పది ముడులు

బుల్లితల్లీ, నువ్వు వెళ్ళిపోయి మూడు నెలలు కావస్తోంది. ఇది చదివే అయ్యలకూ అమ్మలకూ సంగతి చెప్పాలి. శ్రావణం మొదట్లో జ్వరం తగిలి, తొమ్మిదో రోజు పొద్దెక్కేసరికి మా అమ్మాయి పోయింది. ఇరవై రెండేళ్ళది. చిన్నప్పుడు మా మేనమామ ఇసకలో దిద్దించిన అక్షరాలు నాకు కాసిని మిగిలాయి. తప్పులుంటే మన్నించండి.

పిల్లలు కలగలేదని అత్తవారు దాన్ని తిప్పి పంపేశారు. వచ్చిన రోజున మూట అరుగు మీద పెట్టి, ఇంట్లోకి రాకుండా నేరుగా పశువుల పాకలోకి వెళ్ళింది. అప్పట్లో మాకు ఒక పాడిగేదె, ఒక్కసారీ చూలు కట్టని నాలుగేళ్ళ పడ్డ ఉండేవి. ఆ పడ్డ అసలు ఎదకే రాలేదు. గొడ్డుదని, సంతకు తోలేస్తానని మా ఇంటాయన అంటున్నారు. సంతకు వెళ్ళిన గొడ్డుగేదె చివరికి కత్తి కిందికే వెళుతుందని అందరికీ తెలుసు.

"నాన్నా, కార్తీకం దాకా ఆగండి" అంది అమ్మాయి.

"ఆగితే ఏమొస్తుందే?"

"ఎదకొస్తుందండి. దానికి వయసొచ్చింది గానీ ఒళ్ళు రాలేదు. ఆ డొక్కలు చూడండి."

తప్పు నాదే. మా వైపు చాలామంది చేసే తప్పు. తవుడూ తెలకపిండీ పాలిచ్చే గేదెకు పెట్టి, పడ్డకు ఎండుగడ్డి విదిలిస్తాం. ఈనాక పెడదాంలే అనుకుంటాం. కడుపు నిండనిదే దానికి ఈడు రాదని నాకు చెప్పింది ఆ పిల్లే. "ఏళ్ళు లెక్కపెడతావేంటమ్మా, ఎముకలు లెక్కపెట్టు" అనేది.

రోజూ కొత్తకాలవ గట్టు మీద పచ్చగడ్డి కోసుకొచ్చేది. కుడితిలో తవుడు కలిపి, పడ్డ మూతి దగ్గరే కూర్చుని తాగించేది. పక్కింటి పిన్నిగారు దడి మీంచి చూసి, "బాగా కుదిరేరు ఇద్దరూ, ఒకరికొకరు తోడు" అన్నారు.

అమ్మాయి తలెత్తలేదు. "ఆయ్. మీ గేదె ఈనీ తంతోందటగా పిన్నిగారూ. మాది ఈనకపోయినా ఒద్దికగా పేడేస్తోందండి."

ఆవిడకు నవ్వాగక చీరకొంగు నోటికడ్డం పెట్టుకుని వెళ్ళిపోయారు. నేనూ నవ్వాను. అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"ఆవైతే ఊరంతా వినేట్టు అరుస్తుందమ్మా. గేదె చెప్పుకోదు. మనమే కనిపెట్టాలి" అనేది. ఎండెక్కితే ఎద గుర్తులు అణిగిపోతాయని తెల్లారకముందే లేచి చూసేది. కార్తీకంలో ఒకనాడు నన్ను లేపి చూపించింది. పడ్డ మేత ముట్టలేదు. తోక ఎత్తి ఊరికే పోస్తోంది. వెనకనుంచి తెల్లటి జిగురు తీగలా సాగుతోంది. ఎద ముదరాలి, సాయంత్రం దాకా ఆగమని అమ్మాయి బతిమాలినా వినకుండా, మా ఇంటాయన ఉన్నపళాన దున్న దగ్గరకు తోలుకెళ్ళారు. చూలు నిలవలేదు.

ఆ రోజే కట్టింది ఆ కొబ్బరిపీచు తాడు, పాక గుంజకు. నిలవకపోతే మూడు వారాలకు మళ్ళీ ఎదకొస్తుందంది. రోజుకో ముడి. ఇరవయ్యొకటో ముడి నాటి పొద్దున పడ్డ మళ్ళీ మేత మానింది. ఆడపిల్ల చేసే పనేనా అని నలుగురూ అంటున్నా, ఈసారి పొద్దు వాలాక పలుపు తనే పట్టుకుని కాలవ అవతల దున్న దగ్గరకు తోలుకెళ్ళింది. మళ్ళీ ముడులు మొదలు. ఇరవయ్యొకటి దాటాయి. నలభై రెండూ దాటాయి. పడ్డ నిమ్మళంగా నెమరేసుకుంటోంది.

"నిలిచిందండి నాన్నా" అని చెప్పి, గుంజను పట్టుకుని ఏడ్చింది. తర్వాత ముడులన్నీ విప్పేసి, ఆలోగా గడిచిన పున్నమిని కూడా కలుపుకుని, పున్నమికొకటి వెయ్యడం మొదలెట్టింది. ఈనడానికి పది పున్నములూ కొన్ని రోజులూ అంది.

పడ్డ డొక్కలు నిండడం నేను రోజూ చూశాను. నా పిల్ల బుగ్గలు లోపలికి పోవడం చూడలేదు. తిన్నావా అంటే "తిన్నానమ్మా" అనేది. అడిగాను గదా అనుకున్నాను. కంచం వంక చూడలేదు. పుట్టింట్లో ఊరికే తింటున్నానని అనుకుందో ఏమో, ఏనాడూ చెప్పుకోలేదు. జ్వరం వచ్చేనాటికి ఒంట్లో ఓపిక లేదు. చెయ్యి పట్టుకుంటే ఆ పీచుతాడు పట్టుకున్నట్టే ఉంది. ఎనిమిదో రోజున కళ్ళు తెరిచి, "పున్నమొస్తోంది. ముడి మర్చిపోకమ్మా" అంది.

తాడు మీద దాని చేతి ముడులు ఏడు. మిగిలిన మూడూ నేను వేశాను. నావి వదులుగా వచ్చాయి.

పదో ముడి వేసిన పదమూడో రోజు గేదె ఈనింది. పెయ్యదూడ. మా ఇంటాయన దాన్ని గడ్డితో తుడుస్తూ, "సంతకి తోలేసేవాణ్ణే" అని రెండుసార్లు అన్నారు. జున్ను కాచి మొదటి గిన్నె పక్కింటికి తీసుకెళ్ళాను. పిన్నిగారు గిన్నె అందుకుని, గుమ్మంలోనే నిలబడిపోయారు.

తాడు ఇంకా గుంజకే ఉంది. దూడ దాని కొసను నోట్లో పెట్టుకుని చీకుతోంది. నేను లాగెయ్యడం లేదు.

అమ్మలారా, మీ ఇంట్లో ఎవరైనా తిన్నానంటే ఒకసారి కంచం చూడండి. ఇటుగా వస్తే మా పాక దగ్గర ఆగండి, పాలున్నాయి. మీరు మాత్రం కడుపునిండా తినండి.