నమ్మొద్దని నేర్పిన మేస్త్రీ

మా వైరింగ్ మేస్త్రీ గత మంగళవారం గుండె ఆగి చనిపోయాడు. పొద్దున్నే ఆయన నంబరు నుంచి ఫోను వస్తే, ఆ రోజు పని ఎక్కడో చెప్పడానికే అనుకుని ఎత్తాను. వాళ్ళావిడ గొంతు. "మీ మేస్త్రీ లేవలేదమ్మా" అంది. ఏం అనాలో తెలియక "సరే అక్కా" అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

పుదుచ్చేరిలో ఇళ్ళకు కరెంటు పని చేసే చిన్న జట్టు మాది. మేస్త్రీ, నాకంటే పదేళ్ళు పెద్దయిన ఒక అన్న, నేను, అంతే. ఆడపిల్లను నిచ్చెన ఎక్కిస్తావా అని మేస్త్రీని అడగని వాళ్ళు లేరు. "ఎక్కేది ఆ పాప, నొప్పి మీకేంది?" అనేవాడు.

పనిలో చేరిన రోజే ఆయన మీద నాకు ఒళ్ళు మండింది. మెయిన్ స్విచ్ ఆపి వచ్చి, "ఆపేసినా" అన్నాడు. వైరు మీద చెయ్యి వేయబోతే కసిరాడు.

"ఆపినానని మీరే కదా చెప్పారు?"

"నేను చెప్తే? నేనేమన్నా దేవుడినా? నీ టెస్టర్ యాడ?"

టెస్టర్ పెట్టాను, వెలగలేదు. అయినా వదల్లేదు. పక్కింటి ప్లగ్గులో పెట్టి, ఆ టెస్టరు పనిచేస్తోందో లేదో చూసి రమ్మన్నాడు. ఇంత అనుమానపు మనిషితో ఎలా వేగాలిరా బాబూ అనుకున్నాను.

మాకు పని అప్పగించి వీధి మలుపులో టీ తాగడానికి పోయేవాడు, అదీ మాకు వీపు తిప్పి. "నేను చూస్తా ఉంటే మీ చేతులకు పని రాదు" అనేవాడు. తప్పు చేస్తే మాత్రం వేసిన వైరంతా మా చేతే లాగించేవాడు.

మూడేళ్ళ తర్వాత ఫ్రెంచివాళ్ళ కాలం నాటి వైట్ టౌన్‌లో ఒక పాత ఇల్లు గెస్ట్‌హౌస్‌గా మారుతుంటే ఆ పని మాకొచ్చింది. నేను మేడ మీద నిచ్చెనపై ఉన్నాను. కింద నుంచి మేస్త్రీ, "ఆపేసినా, కానియ్" అని కేక వేశాడు. ఇంటి యజమాని నా పక్కనే ఉన్నాడు. ఆయన ముందు మేస్త్రీ మాటను పరీక్షించడం మర్యాద కాదనిపించింది. చెయ్యి పెట్టేద్దామనుకున్నాను కూడా. అలవాటు కొద్దీ టెస్టర్ పెడితే వెలిగింది.

ఆ ఇంట్లో రెండు మెయిన్లున్నాయి. ఆయన ఆపింది కింద అంతస్తుది.

ఎలాగో చెప్పాను. ఆయన పైకి వచ్చి, తానే టెస్టర్ పెట్టి చూశాడు. అన్నను పిలిచి, యజమాని వింటూండగానే, "ఇయాళ తప్పు నాది. ఈ పాప నా మాట నమ్మింటే పోయిండేది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "ఈ ఇంటి పని ఇంక నువ్వే నడుపు. నేను వైరు అందిస్తా" అన్నాడు.

బాధలో అనేసిన మాటేలే అనుకున్నాను. కానీ ఆ ఇల్లు పూర్తయ్యేదాకా నా నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. యజమాని ఏది అడిగినా, "ఆ పాపను అడగండి సార్" అనేవాడు. ఆయన స్థానంలో నేనుంటే ఆ తప్పును ఎవరికీ తెలియకుండా కప్పిపెట్టేదాన్నేమో.

ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఆయనకు చదవడం రాదు. ఆయన ఉన్నప్పుడే ఈ నాలుగు ముక్కలూ రాసి చదివి వినిపించాల్సింది. "ఇంత పొడుగెందుకు, పనికి పోదాం రా" అని ఉండేవాడు.

మంగళవారం మూలకుళంలో వాళ్ళింటికి చేరేసరికి మేస్త్రీని అద్దం మూత ఉన్న ఫ్రీజర్ పెట్టెలో పడుకోబెట్టి ఉన్నారు. దాని వైరు పెట్టిన ప్లగ్గు కాలిన వాసన వస్తోంది. చుట్టూ పదిమంది పది సలహాలిస్తున్నారు. నేను వెళ్ళి మెయిన్ ఆపాను. "ఆపేసినా అన్నా" అన్నాను. అన్న ఏడుస్తూనే ఉన్నాడు, కానీ నా మాట నమ్మలేదు. కళ్ళు తుడుచుకుని, తానే టెస్టర్ పెట్టి చూసుకుని, అప్పుడు కొత్త వైరు కలిపాడు. పొద్దుటి నుంచి రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.

మెయిన్ వేయగానే పెట్టె మోటారు తిరగడం మొదలైంది. అద్దం మీద మెల్లగా చెమ్మ పట్టి మేస్త్రీ మొహం మసకబారింది. వాళ్ళావిడ కొంగుతో తుడిచింది. మళ్ళీ పట్టింది. మళ్ళీ తుడిచింది.