గొలుసు ఎవరికి?

మొన్న మా పాపతో ప్రయాణమై బెజవాడ స్టేషన్లో లగేజీ గొలుసులు అమ్మేవాడి దగ్గర ఆగాను. ఆ ఇనుము వాసన తగలగానే గుండెల్లో పాత దడ మళ్లీ మొదలైంది.

అప్పుడు నాకు ఆరేళ్లు. మాది చల్లపల్లి దగ్గర నేత ఇల్లు. ఆ వేసవి రెండు నెలలూ ఊరూరా తిరిగి చీరలు అమ్మాలని, అమ్మనూ నన్నూ వెంట తీసుకెళ్లాలని నాన్న నిశ్చయించాడు. నేనేమో అంతకు ముందు వారమే బస్టాండులో తప్పిపోయి దొరికినదాన్ని.

ఆ మధ్యాహ్నం మగ్గం గుంటలో ఆడుకుంటుంటే వసారాలో మాటలు వినిపించాయి.

“అన్ని రోజులు దీన్ని కనిపెట్టుకుని కూర్చోవడం నా వల్ల కాదండీ. రైలెక్కగానే సీటు కిందికి తోసి గొలుసు వేసేయండి,” అంది అమ్మ.

“తాళం నా జేబులోనే ఉంటుందిలే. దీన్నెవడూ ఎత్తుకుపోలేడు,” అన్నాడు నాన్న. గొలుసు గలగలమంది.

నేను వెళ్లి మంచం కిందికి దూరి, ముడుచుకుని పడుకుని చూశాను. ఊపిరాడలేదు.

రైలెక్కాక నాన్న గొలుసు బయటికి తీశాడు. నేను ఏడుస్తూ నా అంతట నేనే సీటు కిందికి దూరబోయాను. అక్కడ అప్పటికే చీరల పెట్టె ఉంది. నాన్న దానికి గొలుసు చుట్టి తాళం వేశాడు.

గొలుసు నాకే అనుకున్నానని చెబితే నాన్న పగలబడి నవ్వాడు. అమ్మ నవ్వలేదు. తన కొంగు తీసి నా గౌను నాడాకు గట్టిగా ముడి వేసింది. రైలు దిగేదాకా ఆ ముడి విప్పలేదు.

“ఇది ఎవరికమ్మా?” గొలుసు పట్టుకుని అడిగింది మా పాప.

‘దీనికి’ అనబోయి ఆగాను.

“పెట్టెకి తల్లీ,” అన్నాను, దాని చెయ్యి వదలకుండానే.